మధ్యాహ్నం పరీక్షించిన అద్దాలు

అది 2023 నవంబరు పదిహేడో తేదీ, శుక్రవారం. ఆ మధ్యాహ్నం కృపారావు తిన్నది నాటుకోడి పులుసు, మెంతికారం పెట్టిన వంకాయ, ముద్దపప్పులోకి బెల్లం ఆవకాయ, చివర్లో గడ్డ పెరుగు. మీగడ అంతా ఆయన విస్తట్లోకే తోడించారు. భార్య రూబీ పోయిన నాలుగేళ్లలో అంత పద్ధతిగా, ఎవరో కొసరి వడ్డిస్తుంటే తినడం అదే మొదటిసారి. అందుకే తేదీ గుర్తుండిపోయింది. తర్వాత ఆ రోజును మరిచిపోదామని ఎంత చూసినా, ఆవకాయ తీపితో సహా గుర్తొస్తూనే ఉంది.

ఆ భోజనం పెట్టించింది పద్మకుమారి. ఇరవయ్యేళ్ల కిందట కాలేజీలో ఆయన దగ్గర జంతుశాస్త్రం చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు బొబ్బిలికి ఉత్తరాన కొండవార ఊళ్లన్నిటికీ అటవీ అధికారి. ఒడిశా కొండల నుంచి దిగిన ఏనుగులు ఆ ఊళ్ల మధ్య తిరగడం మొదలై అప్పటికి కొన్నేళ్లయింది. ఏడు కలిసి తిరిగేవి. ఎనిమిదోది ఎవరితోనూ కలవని దంతాల ఏనుగు. దాన్ని జనం ఒంటోడు అనేవారు. మంద వస్తే కొమ్మలు విరిగే చప్పుడైనా వినిపిస్తుంది. ఒంటోడు వచ్చి పక్కన నిలబడ్డా తెలియదు. అందుకని ఊరికొకరు చొప్పున పన్నెండు మంది కాపలాదార్లను పెట్టారు. సాయంత్రమయ్యేసరికి ఊరి పక్కన ఎత్తయిన బండ ఎక్కి పొలాలన్నీ కలయజూసి, ఊరి వాట్సాప్ గ్రూపులో తమ గొంతుతో ఒక మాట పంపడం వాళ్ల పని. చదువు రానివాళ్లకి కూడా అందాలని రాతకు బదులు గొంతు పెట్టారు. ఏమీ లేదని ఆ గొంతు చెబితేనే జనం కళ్లాలకీ, మోటార్ల దగ్గరికీ కదిలేవారు.

ఆ పన్నెండు మందికీ బైనాక్యులర్లు కొనాలి. ఏవి కొనాలో చూసి చెప్పమని రిటైరైన మాస్టారికి కబురు చేసింది పద్మకుమారి.

ఆయన కంటే తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరన్నది నిజమే. ముప్పై ఏళ్లు పిల్లల్ని వెంటేసుకుని తేలినీలాపురం చింతచెట్ల మీద వాలే గూడబాతుల్ని చూపించిన మనిషి. ఎవరైనా బైనాక్యులర్ కొనాలని అడిగితే ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: దేనికి? కళింగపట్నంలో పడవలున్న బంధువొకాయన అడిగితే ఏడు రెట్లు చూపించేది చాలన్నాడు. పడవ ఊగుతుంటే అంతకు మించినది చేతిలో నిలవదు. చర్చి పాస్టరుగారు చందమామను చూడాలని ముచ్చట పడితే పది రెట్లదీ, దానికో స్టాండూ కొనిపించాడు. పిట్టలకైతే ఎనిమిది రెట్లది, ముందుగాజు నలభై రెండు మిల్లీమీటర్లది. అది ఆయన మెడలోనే ఉండేది. రూబీ మంచాన పడ్డాక కిటికీలోంచి జామచెట్టు మీది పిచుకల్ని చూసుకుంటానంటే, ఆమె వణికే చేతులకు బరువు కాకూడదని గుప్పిట్లో పట్టే చిన్నది వెతికి తెచ్చాడు. మనిషిని బట్టీ, వేళను బట్టీ, చేతిని బట్టీ ఎంచాలి తప్ప డబ్బా మీది అంకెను బట్టి కాదని కొన్ని వందల మందికి చెప్పి ఉంటాడు.

ఆ రోజు మాత్రం 'దేనికి' అని అడగలేదు. అడగనక్కర్లేదు, ఆయనకు తెలుసు. మునిచీకట్లో ఏనుగును చూడ్డానికి.

ఆఫీసు డాబా మీద మూడు రకాలు పెట్టారు. ఎనిమిది రెట్లది ఒకటి, ఏడు రెట్లదీ పెద్ద గాజులదీ ఒకటి. మూడోది జేబులో పట్టేది. దాని మీద పది నుంచి ముప్పై అని అంకెలు, తిప్పితే దగ్గరయ్యే జూమ్. గాజు మాత్రం పాతిక మిల్లీమీటర్లే. వేళ పన్నెండున్నర. ఎండ కళ్లు చెదిరేలా ఉంది. దూరంగా రైసు మిల్లు బోర్డు కనిపిస్తుంటే, ఆఫీసులో ఉన్నవాళ్లందరూ వరసగా వచ్చి దాన్ని చదవడం మొదలుపెట్టారు. ఎనిమిది రెట్లదాంట్లో మిల్లు పేరు చదివారు. జూమ్ దాంట్లో బోర్డు కింద ఉన్న ఫోను నంబరు కూడా చదివి చప్పట్లు కొట్టారు. డ్రైవరొకడు ఆ నంబరుకి ఫోన్ చేసి బియ్యం ధర అడిగితే అందరూ నవ్వారు. కృపారావు కూడా నవ్వాడు.

నవ్వాక పద్మకుమారిని పక్కకి పిలిచి, ఒక్కొక్క బైనాక్యులర్ని చేతి దూరంలో పట్టుకుని కంటి వైపు గాజులోకి చూడమన్నాడు. అక్కడ వెలుగు చిన్న బిళ్లలా కనిపిస్తుంది. ఎనిమిది రెట్లదాంట్లో ఆ బిళ్ల మినపగింజంత ఉంది. జూమ్ దాంట్లో మొదట ఆవగింజంత, తిప్పేకొద్దీ గసగసమంత. సాయంత్రమయ్యేసరికి మన కంటిపాప మినపగింజంత తెరుచుకుని వెలుగు కోసం ఎదురు చూస్తుంది, దానికి గసగసమంత పోస్తే ఏం సరిపోతుంది అన్నాడు. బిందె మూతి ఎంత పెద్దదైతే ఏం, గరిటెతో పోస్తే నిండదు కదా అన్నాడు.

పద్మకుమారికి అర్థమైంది. చురుకైన పిల్లే ఎప్పుడూ. కానీ నొసలు చిట్లించింది.

"పెద్ద అంకె ఉన్నదాన్ని వదిలేసి, చిన్న అంకెది, అదీ రెట్టింపు ధరకి ఎందుకు కొన్నావని నన్ను అడుగుతారు సార్. మినపగింజ అని రాయనా?"

దానికి ఆయన దగ్గర సమాధానం ఉంది. రెండు పేజీల్లో రాసి ఇవ్వగలడు. సాయంత్రం ఆరింటిదాకా ఉండి ఇదే డాబా మీద నుంచి ఇంకోసారి చూద్దామంటే ఆ రెండు పేజీలు కూడా అక్కర్లేదు. కానీ కింద ఆకులు వేసేశారని పిలుపొచ్చింది. తినేసరికి రెండయింది. ఇంటికి దింపడానికి జీపు గుమ్మంలో పెట్టారు. జూమ్ వాటికే కాగితం టైపు చేసి తెచ్చారు. 'ఉదయం, సాయంత్రం వేళల పరిశీలనకు కూడా అనువైనవిగా నిర్ధారించడమైనది' అన్న వాక్యం మీద ఆయన చూపు ఆగింది. ఇంత మర్యాద చేసిన పిల్లను ఇబ్బంది పెట్టడం ఎందుకనిపించింది. అంతకు మించిన కారణం ఏదీ లేదు. తర్వాత ఎన్ని రాత్రులు వెతుక్కున్నా ఇంకో కారణం దొరకలేదు. సంతకం పెట్టాడు.

వారం తర్వాత కాపలాదార్లకు వాటిని పంచేటప్పుడు మళ్లీ ఆయన్నే పిలిచారు. పన్నెండు మందిలో ఒకడు సీతన్నవలస జగన్నాధం. ఆ ఉద్యోగం ఇప్పించింది కృపారావే. అంతకు ముందు జగన్నాధం కాలేజీ లేబులో అటెండరుగా తొమ్మిదేళ్లు చేశాడు. తేలినీలాపురం ప్రయాణాల్లో స్టాండు మోసేది అతనే. పిల్లలు బైనాక్యులర్లు సర్దుకునేలోపే, ఉత్త కళ్లతో, అదిగో ఆ మూడో కొమ్మ మీద రెండు, వెనకాల పిల్ల ఒకటి అని చెప్పేసేవాడు. నీ కళ్లకి ఏ కంపెనీ గాజులు సరిపోతాయోయ్ అని కృపారావు హాస్యమాడేవాడు.

జగన్నాధం ఆ చిన్న బైనాక్యులర్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఏటి మేస్టారూ, పిల్లలాటకి కొన్నట్టున్నాయి. మీరు సూసినారా ఇయి?"

"చూశాను," అన్నాడు కృపారావు.

"అయితే సరే," అని మెడలో వేసుకున్నాడు జగన్నాధం.

డిసెంబరు మొదటి వారంలో తుఫాను వచ్చింది. అక్కడ పెద్దగా కురవలేదు గానీ మూడు రోజులు ఆకాశం మూసుకుపోయి సన్నగా జల్లు పడుతూనే ఉంది. కోతలు అయిపోయి కుప్పలన్నీ కళ్లాల్లో ఉన్న రోజులు. ఆరో తేదీ, బుధవారం సాయంత్రం, జల్లు కాస్త ఆగింది. కుప్ప మీద కప్పిన బరకం గాలికి లేచిపోయిందని, దాన్ని సర్ది రాళ్లు పెట్టి రావాలని సీతన్నవలసలో చిన్నతల్లి అనే ఆమె ఫోను పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. జగన్నాధం గొంతు కోసం. చిన్నతల్లి ఎవరో కాదు, జగన్నాధం భార్య లక్ష్మణమ్మకి సొంత చెల్లెలు. అదే ఊళ్లో గోపికి ఇచ్చారు.

ఐదూ యాభైకి ఆ గొంతు వచ్చింది. "కళ్లాల కాడ ఏటీ నేదు. తాటిదొంకు కాడా ఏటీ నేదు. ఎల్లినోలు బేగి ఎల్లి వచ్చీండి."

చిన్నతల్లి వెళ్లింది. కళ్లానికి ఆ తాటిపొదల దొంకు పక్క నుంచే దారి. ఒంటోడు అక్కడే ఉన్నాడు.

కృపారావుకి మర్నాడు పొద్దున్న పేపరు జిల్లా పేజీలో తెలిసింది. సీతన్నవలస అన్న పేరు చూశాక కాఫీ చల్లారిపోయింది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్లాడు. కండక్టరు ఆయన మొహం చూసి ఏమీ అడగకుండా ముందు సీటు ఖాళీ చేయించి ఇచ్చాడు. ఊళ్లో దహనం అయిపోయింది. గోపి వసారాలో మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చుని ఫోనులో ఆ మాట మళ్లీ మళ్లీ మోగించుకుంటున్నాడు. ఏటీ నేదు. బేగి ఎల్లి వచ్చీండి. ఎవరో వచ్చి ఫోను లాక్కోబోతే ఇవ్వలేదు. రెండిళ్ల అవతల జగన్నాధం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ మాట అక్కడికీ వినిపిస్తోంది. కృపారావుని చూసి చేతులు కట్టుకున్నాడు. ఏం కనపడిందని అడిగితే, గడ్డిమేటు అనుకున్నాను అని మాత్రం అన్నాడు. అంతకు మించి అడగడానికి కృపారావుకి ధైర్యం చాలలేదు.

జగన్నాధాన్ని పనిలోంచి ఆపేశారు. విచారణ అన్నారు. ఊళ్లో ఆ లోపే తీర్పు అయిపోయింది: తాగి పడుకుని చూడకుండానే వాగేశాడని.

పన్నెండో తేదీ కృపారావు పద్మకుమారి ఆఫీసుకి వెళ్లాడు. ఆ వెలుగులో ఆ అద్దాల్లోంచి ఏనుగు కాదు కదా, ఇల్లు కూడా కనపడదని, తప్పు అద్దాలది తప్ప మనిషిది కాదని రాసిస్తానన్నాడు. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. కోప్పడలేదు. అసలు అదే ఆయనకు తర్వాత ఎక్కువ బాధనిపించింది, ఆమె ఒక్క మాటైనా గట్టిగా అనకపోవడం. మీరు రాయకూడదని నేననను సార్ అంది. అద్దాలు బాగోలేదంటే వాటిని ఎవరు బాగున్నాయన్నారని మొదటి కాగితం తీస్తారు, దాని మీద ఉన్నది మీ సంతకం, కింద నాది అంది. జగన్నాధం సంగతి తను చూసుకుంటాననీ, వేసవి లోపు ఏదో ఒక బీటులో మళ్లీ పెట్టిస్తాననీ చెప్పింది. వెళ్లేటప్పుడు ఆయన గొడుగు తనే తెచ్చి చేతికిచ్చింది.

ఇంటికొచ్చి తెల్లకాగితం తీశాడు. ఆ పూట రాయలేదు. మర్నాడు కళ్లజోడు ఫ్రేము విరిగింది. తర్వాత చర్చిలో క్రిస్మస్ పాటల సాధన, పాడేవాళ్ల స్వరాలు కుదిర్చేది ఆయనే. ఆదివారాలు ఏ పనీ చేయడు. ఇలా ఒక్కో రోజుకీ ఒక్కో సాకు, అన్నీ నమ్మదగినవే, ఎవరికీ చెప్పుకోనక్కర్లేనివి. తన పేరు పేపర్లో ఎలా పడుతుందో ఊహించుకునేవాడు. ముప్పై ఏళ్ల మాస్టారు. పిల్లలు ఇప్పటికీ రోడ్డు మీద ఆగి నమస్కారం పెట్టే మాస్టారు. క్రిస్మస్ ఆరాధనలో ఒప్పుకోలు ప్రార్థన చదవాల్సిన వంతు వస్తే, గొంతు బాగోలేదని పక్కనున్న ఏసమ్మకి పుస్తకం అందించేశాడు.

ముప్పై ఒకటో తేదీన, ఆదివారమే అయినా, రాశాడు. రెండు పేజీలు. మినపగింజ గురించి కూడా రాశాడు. సంతకం పెట్టిన వేళ తనకు ఈ సంగతి తెలుసని, తెలిసే పెట్టానని చివరి వాక్యం రాసి, దాన్ని కొట్టెయ్యకుండా ఉండడానికి వెంటనే కవర్లో పెట్టి అంటించేశాడు.

జనవరి రెండున ఆఫీసుకి వెళ్తే పద్మకుమారి ఉత్తరం చదివి, చాలాసేపు దాన్ని బల్ల మీద సమంగా సర్దుతూ కూర్చుంది. తర్వాత ఫైలు తెరిచి ఆయన వైపు తిప్పింది. డిసెంబరు ముప్పయ్యో తేదీ వేసి జగన్నాధం చేతిరాతతో వాంగ్మూలం ఉంది. ఆ సమయంలో నేను బండ మీద నిద్రపోయి ఉంటిని, లేచి చూడకుండా మెసేజి పంపితిని అని. కింద వంకర లేకుండా జాగ్రత్తగా పెట్టిన సంతకం.

"నిన్ననే పైకి పంపేశాం సార్," అంది. "ఇక్కడ ఫైలు మూసేశాం. మీ ఉత్తరం తీసుకుంటాను. కానీ ఇది ఇంక ఏ ఫైల్లో పెట్టాలో నాకు తెలీదు."

కృపారావు అక్కడి నుంచే సీతన్నవలస బస్సెక్కాడు. భుజాన సంచి, మెడలో తన పాత బైనాక్యులర్ ఉన్నాయి, అలవాటు కొద్దీ. దిగేసరికి ఐదున్నర. గోపి కళ్లంలోనే ఉన్నాడు, నూర్పు అయిన గడ్డిని మోపులు కడుతున్నాడు. కృపారావు దగ్గరికెళ్లి, జగన్నాధం ఆ రోజు నిద్రపోలేదు అన్నాడు. గోపి చెయ్యి ఆగలేదు.

"ఆడే రాసిచ్చీనాడు కదండి. ఊరల్లా తెలుసు."

ఒక్కసారి బండ మీదికి వచ్చి చూడమని కృపారావు బతిమాలాడు. రెండోసారి అడిగితే గోపి తాడు కింద పారేసి వెంట వచ్చాడు. మాస్టారన్న మర్యాద ఇంకా మిగిలి ఉంది. బండ మీద కొత్త కాపలాదారు ఉన్నాడు, పక్క ఊరి నడివయసు మనిషి. అతని మెడలో అదే చిన్న జూమ్. పొద్దు కుంకేసింది. పడమటి కొండ మీద ఎరుపు తప్ప కిందంతా బూడిదరంగు. కృపారావు కొత్తతని దగ్గర ఆ అద్దాలు అడిగి తీసుకుని గోపికిచ్చి, తాటిదొంకు వైపు చూసి ఏం కనపడుతోందో చెప్పమన్నాడు. గోపి చూశాడు. తిప్పి చూశాడు. నల్లగా ఉన్నాది, అంతే అన్నాడు. అప్పుడు తన మెడలోది తీసి ఇచ్చాడు. గోపి దాన్ని కళ్లకు ఆనించి, కాసేపు కదలకుండా ఉండిపోయాడు. తాటి మట్టలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపిస్తాయి అందులో, ఆ వేళకి కూడా. వాటి కింద పుట్ట. పుట్ట పక్కన దారి. ఆ దారి అంతా కనిపిస్తుంది.

గోపి బైనాక్యులర్ దించలేదు. దాంట్లోంచి చూస్తూనే అడిగాడు.

"ఇలాటియి కొనొచ్చును కదా మరి?"

"కొనొచ్చు."

"కొననోడెవుడు?"

కృపారావు చెప్పాడు. డాబా సంగతి, రైసు మిల్లు బోర్డు సంగతి, పట్టపగలు పన్నెండున్నరకి చూడడం, భోజనం, కాగితం. మెల్లిగా, ఏదీ దాచకుండా చెప్పాడు. చెప్పేస్తే లోపల బరువు కొంచెమైనా తగ్గుతుందని ఆశపడ్డాడేమో. తగ్గలేదు. కొత్త కాపలాదారు వినలేనట్టు రెండడుగులు అవతలికి జరిగి నిలబడ్డాడు.

"సీకటి పడితే కనపడదని తెలుసునా మీకు? ఆ రోజే తెలుసునా?"

"తెలుసు."

గోపి అప్పుడు కళ్ల మీంచి దించి, పట్టీని చుట్టచుట్టి ఆయన చేతిలో పెట్టాడు. కొడతాడనుకున్నాడు కృపారావు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"నెల్లాళ్లయినాది, ఆ మనిషి మొకం సూడ్నేదు నాను," అన్నాడు గోపి. "మా వొదిన కూడూ నీళ్లూ మానేసి ఏడుస్తా ఉంటే ఓ మాటకీ ఎల్నేదు. నిద్దరోయినాడు, నిద్దరోయినాడు అనుకుంటా పడుకునీవోడిని. కోపం ఉంటే ఎలాగో తెల్లారిపోయీది మేస్టారూ. ఇప్పుడు మీరొచ్చి అదీ తీసీసినారు. ఇంక నాకేటి మిగిలినాది?"

సమాధానం కోసం ఆగలేదు. బండ దిగి కళ్లం వైపు వెళ్లిపోయాడు. జగన్నాధం ఇల్లు అటు కాదు.

కొత్త కాపలాదారు కూడా దిగి వెళ్లిపోయాక, ఆ ఇంటికి కృపారావు ఒక్కడే వెళ్లాడు. వసారాలో బల్బు వెలుగుతోంది. జగన్నాధం చాప మీద కూర్చుని ఉన్నాడు, ఆయన్ని చూసి లేచాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి, నెల రోజుల్లో పదేళ్లు మీద పడ్డట్టున్నాడు. లక్ష్మణమ్మ లోపల్నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి, కొంగుతో చెంబు అడుగు తుడిచి మరీ ఇచ్చింది. అన్నింటి మధ్యా ఆమె ఆ అడుగు తుడవడం కృపారావు చూశాడు. నీళ్లన్నీ తాగేశాడు.

నిద్రపోయానని ఎందుకు రాశావు అని అడిగాడు. జగన్నాధం చూపులు నేల మీదే ఉన్నాయి. అద్దాలు బాగోలేదని రాస్తే మాస్టారి సంతకం బయటికొస్తుందని ఆఫీసులో ఎవరో చెప్పారట. అది వద్దనుకున్నాడట. పైగా ఏం రాసినా చిన్నతల్లి రాదు కదా అన్నాడు.

"గడ్డిమేటు అనుకున్నానన్నావు ఆ రోజు," అన్నాడు కృపారావు.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ లక్ష్మణమ్మ అందుకుంది. గొంతు పెంచలేదు.

"అది ఆలకీ ఈలకీ సెప్పిన మాట బాబూ. ఉత్త కళ్లకి ఆయనకి కనపడినాది. తాటిదొంకు కాడ ఏటో నల్లగా మెదిలినట్టు కనపడినాది. మీరిచ్చిన ఆ అద్దాలెట్టి సూస్తే ఏటీ నేదు. మళ్లీ సూస్తే మళ్లీ ఏటీ నేదు. మేస్టారు సూసి ఇచ్చినవి తప్పు సూపిస్తాయా, నా కళ్లే ముసిలివైపోనాయి అనుకున్నాడంట. అనుకుని ఫోన్లో ఆ మాట సెప్పీసినాడు."

"లక్ష్మీ, ఊరుకో," అన్నాడు జగన్నాధం.

"ఊరుకునే ఉన్నాను కదా నెల్లాళ్ల నుంచి." ఆమె భర్త వైపు చూడలేదు. కృపారావు వైపే చూస్తోంది. "నా సెల్లి ఎల్లిపోనాది. ఈయన పేరు ఎల్లిపోనాది. మీకు ఈ సంగతి ముందే తెలుసునని మాకు తెల్దు బాబూ. ఇప్పుడు బండ కాడ గోపికి మీరు సెప్తా ఉంటే, ఆ కొత్తాయన ఇని, మీకంటే ముందొచ్చి సెప్పీసి ఎల్లినాడు. ఆ మర్నాడు మీరొచ్చినారు కదా. ఇక్కడే నిలబడినారు. అప్పుడెందుకు సెప్పనేదు?"

కృపారావు దగ్గర కళ్లజోడు ఫ్రేము ఉంది, పాటల సాధన ఉంది, ఆదివారాలు ఉన్నాయి. ఆమె కాసేపు చూసింది, నిజంగానే సమాధానం వస్తుందేమోనన్నట్టు. తర్వాత ఖాళీ చెంబు ఆయన చేతిలోంచి తీసుకుంది.

జగన్నాధం గోడకున్న టార్చి లైటు తీశాడు. ఈ వేళప్పుడు మీరొక్కరే నడవకూడదు, రోడ్డుదాకా వస్తాను పదండి మేస్టారూ అన్నాడు. అంత జరిగాక కూడా అతను ఆ మాట అనడం, అలవాటుగా ఆయన సంచి కోసం చెయ్యి చాచడం చూసి కృపారావు తల తిప్పుకున్నాడు.

"మీరు ఎల్లకండి," అంది లక్ష్మణమ్మ భర్తతో. టార్చి అతని చేతిలోంచి తీసుకుని కృపారావుకిచ్చింది. "రోడ్డు మీద ఆటో ఉంటాది బాబూ, ఏడింటిదాకా. లైటు ఆ ఆటో ఆయనకిచ్చీండి. రేపు తెచ్చి పడేస్తాడు."

అంటే తిరిగి ఇవ్వడానికి కూడా రావద్దని. ఆయనకు అర్థమైంది. రెండు చేతులతో టార్చి అందుకున్నాడు. క్షమించమని అడగాలని నోరు తెరిచాడు గానీ, అది అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది; ఆ పని కూడా ఆమె మీద పెట్టడం న్యాయం కాదనిపించి మానేశాడు. జగన్నాధం చాప మీద మళ్లీ కూర్చోబోయి, కూర్చోకుండా, లోపలికి నడిచాడు.

కృపారావు మెట్టు దిగి చీకట్లో చెప్పులు వెతుక్కుంటుంటే లక్ష్మణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. రెండు కాళ్లకీ చెప్పులు దొరికేదాకా ఆగింది. ఆ తర్వాత, లోపలున్న మనిషికి చప్పుడు వినపడకూడదన్నట్టు, తలుపు రెక్కలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి మెల్లిగా దగ్గరికి తెచ్చి మూసింది.